నేల లోతు చూసే పరిశోధన.. దాని లోతు చూసేదెవరు?

భూగర్భ జలాలపై పీహెచ్‌డీలు.. గైడు, పరీక్షకుల చేతిలోనే అంకెల విశ్వసనీయత

నల్గొండ: ఎండలు ముదిరితే చాలు, పల్లెల్లో బోరు బండ్ల మోత మొదలవుతుంది. ఒకరు అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని చేనంతా కలియతిరుగుతారు. మరొకరు వేపపుల్ల వంగిన చోట గుర్తు పెడతారు. రైతు అప్పు తెచ్చి బోరు వేయిస్తాడు. నీరు పడితే అదృష్టం, దుమ్ము లేస్తే మరో అప్పు.

అదే చేలో ఒక్కోసారి భుజాన సంచి, చేతిలో చిన్న మీటరు, ప్లాస్టిక్ సీసాలతో ఒక యువకుడో యువతో కనిపిస్తారు. బోరు గొట్టంలోకి టేపు వదిలి నీటిమట్టం కొలుస్తారు. నీరు పట్టుకొని సీసాపై నెంబరు రాస్తారు. ‘ఏం జేస్తున్నవ్ బిడ్డా?’ అని అడిగితే ‘పీహెచ్‌డీ చేస్తున్న పెద్దయ్యా’ అంటారు. ఆ వెంటనే వచ్చే ప్రశ్న ఏ ఊళ్లోనైనా ఒక్కటే: ‘మరి మా నీళ్లు తాగొచ్చునా?’

ఆ ప్రశ్నకు సమాధానం ఏళ్ల తర్వాత ఒక సిద్ధాంత గ్రంథంలో అంకెల రూపంలో చేరుతుంది. అక్కడి నుంచి శాస్త్ర పత్రికలకు, ప్రభుత్వ నివేదికలకు, పథకాల ప్రతిపాదనలకు వెళ్తుంది. ఏ ఊరి నీటిలో ఫ్లోరైడ్ ఎంత, ఏ మండలంలో ఇంకెన్ని బోర్లు వేయవచ్చు వంటి నిర్ణయాలకు ఇలాంటి అంకెలే ఆధారమవుతాయి. అవి నికార్సయినవో కావో ముందుగా తేల్చవలసినవారు ఇద్దరు. ఒకరు పరిశోధనను మొదటి నుంచీ నడిపించే పర్యవేక్షకుడు, అంటే గైడు. మరొకరు చివర్లో గ్రంథాన్ని పరీక్షించే బయటి నిపుణుడు. ఇద్దరూ భూగర్భ జల శాస్త్రవేత్తలే. వారి పని ఏమిటో, అందులో పొరపాటు జరిగితే నష్టపోయేదెవరో చూద్దాం.

రాతి నేలలో నీటి లెక్క వేరు

తెలంగాణలో అధిక భాగం, రాయలసీమలో చాలా ప్రాంతం గ్రానైటు, నైస్ వంటి గట్టి రాళ్లపై ఉన్నది. గోదావరి లోయలోని ఇసుకరాయిలో, కోస్తా డెల్టాల ఒండ్రు మట్టిలో ఉన్నట్లు ఇక్కడ నీరు నేలంతా సమంగా పరచుకొని ఉండదు. పైన మెత్తబడిన మొరం పొర, దాని కింద పగుళ్లున్న రాతి పొర, ఆ కింద పగుళ్లు అరుదైన గట్టి రాయి ఉంటాయి. నీరుండేది ప్రధానంగా పై రెండింటిలోనే. అందుకే ఒక బోరులో ధారగా నీరు పడితే, యాభై అడుగుల దూరంలోని మరో బోరు ఎండిపోయి ఉండవచ్చు.

ఈ చిత్రం స్పష్టపడటానికి ఏళ్ల తరబడి పరిశోధన అవసరమైంది. హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ 1961లో ఏర్పడింది. అక్కడే 1999లో ఫ్రాన్సు భూగర్భ సర్వే సంస్థ భాగస్వామ్యంతో భారత-ఫ్రెంచి భూగర్భ జల పరిశోధన కేంద్రం ప్రారంభమైంది. హైదరాబాదుకు దక్షిణాన మహేశ్వరం వద్ద సుమారు 53 చదరపు కిలోమీటర్ల పరీవాహక ప్రాంతాన్ని ఈ కేంద్రం ప్రయోగశాలగా మలచుకున్నది. అనంతరం చౌటుప్పల్ వద్ద ప్రయోగ క్షేత్రం వెలిసింది. ఈ రెండు చోట్లా పలువురు యువ పరిశోధకులు తమ డాక్టరేటు పనిని చేశారు. పగుళ్ల పొర ఎంత లోతు వరకు విస్తరించి ఉన్నది, వాన నీటిలో ఎంత భాగం ఇంకుతున్నది వంటి అంశాలపై నేడు ప్రపంచం చదువుతున్న వ్యాసాల వెనుక ఈ బోర్ల వద్ద గడిపిన ఎండలు, వానలు ఉన్నాయి.

ఫ్లోరైడ్ నేర్పిన పాఠం

నీటి పరిశోధన ప్రజల ఎముకలతో ముడిపడిన విషయమని నల్గొండ జిల్లాకు వేరుగా చెప్పనక్కరలేదు. మన దేశంలో ఫ్లోరోసిస్ వ్యాధి గురించి తొలి శాస్త్రీయ నివేదిక 1937లో వెలువడింది. నాటి మద్రాసు రాష్ట్రంలోని నెల్లూరు జిల్లా పల్లెల్లో, అంటే నేటి పొదిలి, దర్శి, కనిగిరి ప్రాంతాల్లో ఈ వ్యాధిని గుర్తించారు. పటిక, సున్నం కలిపి నీటి నుంచి ఫ్లోరైడును తొలగించే పద్ధతిని నాగ్‌పూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ 1970వ దశకంలో రూపొందించింది. ‘నల్గొండ పద్ధతి’ అన్న పేరుతో అది ప్రపంచ పాఠ్యపుస్తకాలకు ఎక్కింది.

భారత ప్రమాణాల సంస్థ 2012 ప్రమాణం ప్రకారం తాగునీటిలో లీటరుకు 1 మిల్లీగ్రాము వరకు ఫ్లోరైడ్ ఆమోదయోగ్యం. వేరే నీటి వనరు లేనప్పుడు గరిష్ఠంగా 1.5 మిల్లీగ్రాముల వరకు అనుమతిస్తారు. ఈ రెండు అంకెల నడుమ తేడా అర మిల్లీగ్రాము మాత్రమే. అంటే నమూనా సేకరణలోనో, యంత్రాన్ని సరిచూడటంలోనో చిన్న అశ్రద్ధ జరిగినా ఊరు ‘సురక్షితం’ జాబితాలో నుంచి ‘ప్రమాదం’ జాబితాలోకి, లేదా అటు నుంచి ఇటు మారిపోతుంది. మిషన్ భగీరథ కింద 2016 నుంచి నదీ జలాలు గ్రామాలకు చేరడం మొదలైన తర్వాత తాగునీటికి బోర్లపై ఆధారపడటం తగ్గినా, పొలాల్లో పనిచేసేవారు దాహమైతే ఇప్పటికీ దగ్గరలోని బోరు నీరే తాగుతుంటారు. కాబట్టి ఆ అంకె ప్రాధాన్యం తగ్గలేదు.

గైడు పని గదిలో కాదు, గట్టు మీద

పరిశోధన అంశాన్ని ఎంచుకునే దశలోనే గైడు బాధ్యత మొదలవుతుంది. ‘ఫలానా మండలంలో నీటి నాణ్యత’ అన్నది విషయం అవుతుందే గాని ప్రశ్న కాదు. ‘ఈ మండలంలో ఒకే రకం రాయి ఉన్నా తూర్పు గ్రామాల్లోనే ఫ్లోరైడ్ ఎందుకు ఎక్కువ?’ అన్నది ప్రశ్న. మొదటిదానికి జవాబు ఒక పట్టిక. రెండోదానికి రాతిలోని ఖనిజాలు, నీటిలోని కాల్షియం, సోడియం, బైకార్బనేట్ పాళ్లు, సాగు పద్ధతి అన్నీ చూడాలి. గ్రానైటులోని ఫ్లోరైట్, బయోటైట్, అపటైట్ వంటి ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీటిలోకి చేరుతుంది. నీటిలో కాల్షియం తక్కువగా, బైకార్బనేట్ ఎక్కువగా ఉంటే అది మరింతగా కరిగి ఉంటుంది. తోడిన నీరే వరి మళ్లలో పారి మళ్లీ మళ్లీ భూమిలో ఇంకుతుంటే లవణాలు, ఫ్లోరైడ్ పేరుకుంటాయని మహేశ్వరం అధ్యయనాల్లోనూ తేలింది. మొదటి ఏడాదిలోనే విద్యార్థి చేత సరైన ప్రశ్న వేయించగలిగితే గైడు సగం పని చేసినట్లే.

మిగతా సగం క్షేత్రంలో ఉన్నది. నమూనా పట్టే ముందు మోటారును కొంతసేపు నడపాలి. గొట్టంలో నిలవ ఉన్న నీరు పోయి, ఉష్ణోగ్రత, విద్యుత్ వాహకత నిలకడగా వచ్చిన తర్వాతే సీసా పట్టాలి. ఆమ్ల, క్షార స్థాయిని బోరు వద్దే కొలవాలి. ప్రయోగశాలకు చేరేలోగా నీటిలోని బొగ్గుపులుసు వాయువు తప్పించుకుంటే ఆ అంకె మారిపోతుంది. ఫ్లోరైడు పరీక్షకు గాజు సీసా వాడరాదు, ప్లాస్టిక్ సీసాయే వాడాలి. వానాకాలానికి ముందు ఒకసారి, తర్వాత ఒకసారి అవే బోర్ల నుంచి నీరు తీయాలి. ఇవి పుస్తకంలో నాలుగు వాక్యాలే. నలభై డిగ్రీల ఎండలో నలభయ్యో బోరు వద్ద వీటిని తు.చ. తప్పక పాటించడం వేరే సంగతి. ఒక్కసారైనా విద్యార్థి వెంట పొలం గట్టెక్కని గైడుకు ఏ అంకె ఎలా పుట్టిందో తెలిసే అవకాశం లేదు.

ఎండిన బోరు విషయం మరొకటి. నీటిమట్టాల జాబితాలో ఈ ఏడాది ఎండిన బోరును తీసివేసి, నీరున్న బోర్ల సగటు మాత్రమే తీస్తే కరవు ఏడాదిలోనూ నీటిమట్టం ‘మెరుగుపడినట్లు’ కనిపిస్తుంది. విద్యార్థికి అది తెలియక జరిగిన పొరపాటు కావచ్చు. దానిని పట్టుకోవలసింది గైడే.

ఒక్క అంకె తేడాతో అయిదెకరాలు పదెకరాలు

అంకె తప్పితే ఏమవుతుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. వానల తర్వాత ఒక గ్రామంలో నీటిమట్టం 4 మీటర్లు పెరిగిందనుకుందాం. ఇంకిన నీరెంత? నీటిమట్టం పెరుగుదలను, ఆ రాతి పొర వదలగల నీటి శాతంతో గుణించాలి. భూగర్భ జల అంచనా కమిటీ 1997 నాటి పద్ధతిలో మెత్తబడిన గ్రానైటుకు బంకమట్టి తక్కువగా ఉంటే 3 శాతం, ఎక్కువగా ఉంటే 1.5 శాతం అని సూచించారు. మహేశ్వరంలో క్షేత్రస్థాయిలో లెక్కించినప్పుడు వచ్చినది సుమారు 1.4 శాతమే.

3 శాతం తీసుకుంటే ఇంకిన నీరు 120 మిల్లీమీటర్లు. 1.5 శాతం అయితే 60 మిల్లీమీటర్లు. వంద ఎకరాల ఆయకట్టును ఊహించుకుని, వరి పంటకు 1,200 మిల్లీమీటర్ల నీరు కావాలనుకుంటే, మొదటి లెక్కలో పది ఎకరాల వరికి నీరున్నది. రెండో లెక్కలో అయిదెకరాలకే. పొలం నుంచి తిరిగి ఇంకే నీటిని కలుపుకొన్నా రెండింటి నడుమ తేడా తేడాగానే మిగులుతుంది. పుస్తకంలోని పెద్ద అంకెను కళ్లు మూసుకొని తీసుకున్న పరిశోధకుడి మాట నమ్మితే, లేని నీటికి అయిదెకరాల నారు పోసినట్లే. వేసవిలో అది మాడిపోయినప్పుడు గ్రంథం అలమారలో భద్రంగా ఉంటుంది, అప్పు మాత్రం రైతు పేరున ఉంటుంది.

‘ఈ శాతం ఎక్కడి నుంచి తీసుకున్నారు? మీ బోర్ల వద్ద కొలిచారా?’ మంచి పరీక్షకుడు అడిగే మొదటి ప్రశ్నల్లో ఇది ఒకటి.

పరీక్షకుడు దేనిని వెదుకుతాడు?

గ్రంథం చేతికి రాగానే అనుభవమున్న భూగర్భ జల శాస్త్రవేత్త తొలుత ముగింపు చదవడు, అనుబంధంలోని పట్టికలు తెరుస్తాడు. నీటిలో ధన విద్యుదావేశమున్న అయాన్లు, రుణావేశమున్న అయాన్లు తుల్యంగా ఉండి తీరాలి. ఇది ప్రకృతి నియమం. కాల్షియం, మెగ్నీషియం, సోడియం, పొటాషియం ఒకవైపు, బైకార్బనేట్, క్లోరైడ్, సల్ఫేట్, నైట్రేట్, ఫ్లోరైడ్ మరోవైపు పెట్టి చూస్తే తేడా సాధారణంగా 5 శాతం లోపు ఉండాలి. ఇరవై, ముప్పై శాతం తేడా ఉన్నదంటే పరీక్ష తప్పయినా కావాలి, ఏదో ఒక అయాను కొలవకుండా వదిలేసైనా ఉండాలి. అన్ని నమూనాల్లోనూ తేడా సున్నా వచ్చినా అనుమానించాల్సిందే. కొలిచిన అంకెలు అంత ముద్దుగా కుదరవు.

తర్వాతది పంపు పరీక్ష. బోరు నుంచి నీరు తోడుతూ పక్క బోరులో మట్టం ఎంత పడిపోతున్నదో గంటల తరబడి నమోదు చేస్తారు. దానిని విశ్లేషించేందుకు 1935లో థీస్ ఇచ్చిన సూత్రం ప్రసిద్ధం. అయితే ఆ సూత్రం జలపొర అన్ని దిక్కులా ఒకేలా, హద్దు లేకుండా ఉన్నదని భావిస్తుంది. పగుళ్ల రాతిలో అది నిజం కాదు. సూత్రం వాడటం తప్పు కాదు, దాని పరిమితిని చెప్పకపోవడమే తప్పు.

మూడోది పటాలు. ఉపగ్రహ చిత్రాలు, నేల వాలు, రాతి రకం, వాగుల సాంద్రత వంటి పొరలకు మార్కులు వేసి, ఒకదానిపై ఒకటి పరిచి ‘నీరు పుష్కలంగా ఉన్న ప్రాంతాలు’ అని రంగులు వేసే గ్రంథాలు ఇటీవల విరివిగా వస్తున్నాయి. పటం చూడముచ్చటగా ఉంటుంది. కాని ఆకుపచ్చ రంగు వేసిన చోట ఉన్న బోర్లలో నిజంగా నీరు ఎక్కువగా వస్తున్నదా అని సరిచూడకపోతే, అది కొబ్బరికాయ జోస్యానికి రంగులద్దినట్లే. ముప్పై బోర్ల అంకెలతో ఆరు వందల చదరపు కిలోమీటర్లకు గీతలు గీసినా పరీక్షకుడు ఆపి అడగాలి: ‘బోరే లేని ఈ మూల ఫ్లోరైడ్ 2.3 అని మీకెలా తెలిసింది?’

కంప్యూటర్ నమూనాలదీ అదే కథ. గతంలోని నీటిమట్టాలకు సరిపోయేలా నమూనాను సవరించడం ఒక పని. సవరించడానికి వాడని ఏడాది అంకెలతో దానిని పరీక్షించడం మరో పని. రెండోది చేయకుండా ‘2040లో నీటిమట్టం ఇంత’ అని రాస్తే అది శాస్త్రం అనిపించుకోదు.

నిబంధనలు ఏమంటున్నాయి?

పీహెచ్‌డీ ప్రమాణాలపై విశ్వవిద్యాలయ నిధుల సంఘం 2009లో, 2016లో, అనంతరం 2022 నవంబరులో నియమావళులు ప్రకటించింది. 2022 నియమావళి ప్రకారం కోర్సు వర్కుతో కలిపి కనీస వ్యవధి మూడేళ్లు, గరిష్ఠం ఆరేళ్లు. పునర్నమోదుతో మరో రెండేళ్ల వరకు గడువు లభిస్తుంది. మహిళలకు, 40 శాతానికి మించి వైకల్యం ఉన్నవారికి అదనంగా మరో రెండేళ్లు సడలింపు ఉన్నది.

ఒక ప్రొఫెసరు ఒకే సమయంలో ఎనిమిది మందికి, అసోసియేట్ ప్రొఫెసరు ఆరుగురికి, అసిస్టెంట్ ప్రొఫెసరు నలుగురికి మించి గైడుగా ఉండరాదు. పదవీ విరమణకు మూడేళ్ల లోపు సర్వీసు మిగిలినవారు కొత్త విద్యార్థులను తీసుకోరాదు. విద్యార్థి ప్రతి సెమిస్టరులో పరిశోధన సలహా కమిటీ ఎదుట తన ప్రగతిని వివరించాలి. ఇతర సంస్థల నిపుణులు సహ పర్యవేక్షకులుగా ఉండేందుకు వీలున్నది. రాళ్ల గురించి చదివిన గైడుకు తోడుగా నీటి రసాయనశాస్త్రం తెలిసిన మరొకరు ఉంటే ఈ రంగంలో ఎంతో మేలు.

గ్రంథాన్ని గైడుతో పాటు ఆ విశ్వవిద్యాలయంలో ఉద్యోగి కాని కనీసం ఇద్దరు బయటి నిపుణులు పరిశీలించాలి. వీలైతే వారిలో ఒకరు విదేశీ నిపుణుడు కావాలి. ఒకరు అంగీకరించి మరొకరు తిరస్కరిస్తే గ్రంథం మరో పరీక్షకునికి వెళ్తుంది. అనుకూల నివేదికల తర్వాత మౌఖిక పరీక్ష జరుగుతుంది. అధ్యాపకులు, ఇతర పరిశోధకులు దానికి హాజరు కావచ్చు. సమర్పణ నుంచి ఆరు నెలల్లో ఈ తతంగం పూర్తికావాలి.

గ్రంథచౌర్యంపై 2018లో ప్రత్యేక నియమావళి వచ్చింది. పోలిక 10 శాతం వరకు ఉంటే శిక్ష లేదు. 10 నుంచి 40 శాతం వరకైతే సవరించి ఆరు నెలల్లోగా మళ్లీ ఇవ్వాలి. 40 నుంచి 60 శాతమైతే ఏడాది పాటు సమర్పణకు వీలులేదు. 60 శాతం దాటితే నమోదే రద్దవుతుంది. అయితే సాఫ్ట్‌వేరు పట్టుకునేది నకలు వాక్యాలనే. నకిలీ అంకెను పట్టుకోగలిగేది నీటిని ఎరిగిన పరీక్షకుడే.

శాస్త్ర పత్రికల్లో వ్యాసం ప్రచురించాలన్న తప్పనిసరి నిబంధనను 2022 నియమావళి తొలగించింది. డబ్బు తీసుకొని అచ్చువేసే పత్రికల బెడదకు ఇది కొంత విరుగుడే. కాని అదే సమయంలో బయటి సమీక్షకుల వడపోత కూడా ఐచ్ఛికమైంది. దాంతో పరీక్షకుని నివేదిక బరువు పెరిగింది.

మొహమాటం దగ్గరే చిక్కు

నిబంధనలు ఎంత గట్టివైనా వాటిని నడిపేది మనుషులే. గైడు సూచించే పేర్ల నుంచే పరీక్షకుల ఎంపిక జరగడం పరిపాటి. ఈ రంగంలో అందరూ అందరికీ తెలిసినవారే. నేడు నీ విద్యార్థికి నేను, రేపు నా విద్యార్థికి నీవు అన్న ధోరణి తలెత్తితే రెండు పేజీల పొగడ్తతో పని ముగుస్తుంది. మౌఖిక పరీక్ష సన్మాన సభగా మారుతుంది. మరోవైపు, విద్యార్థి వయసు, కుటుంబ భారం, ఆగిన ఫెలోషిప్ చూసి పరీక్షకుడు జాలిపడటమూ సహజమే. ఆ జాలి చివర్లో కాక మొదట్లోనే పనికొస్తుంది. రెండో ఏడాదిలోనే సలహా కమిటీ ‘ఈ నమూనాలు చాలవు, మళ్లీ తీయండి’ అని చెబితే విద్యార్థి ఒక వేసవిని కోల్పోతాడు. ఆరో ఏడాదిలో పరీక్షకుడు అదే మాట చెబితే అతని జీవితంలో పెద్ద భాగమే పోతుంది.

కఠినంగా ఉండటం అంటే తిరస్కరించడం కాదు. ‘అయిదో అధ్యాయంలోని లెక్కను సవరించండి, ఈ పన్నెండు బోర్లను తిరిగి పరీక్షించండి, పటంలో ఆధారం లేని భాగాన్ని తెల్లగా వదిలేయండి’ అని స్పష్టంగా రాసే పరీక్షకుడు విద్యార్థికీ, సమాజానికీ ఏకకాలంలో మేలు చేస్తాడు. తెలియని చోటును తెల్లగా వదిలిన పటం ఎవరినీ తప్పుదారి పట్టించదు.

అప్పు తీర్చవలసింది ఊరికే

పరిశోధకుడికి నీరిచ్చిన రైతు రుసుము అడగలేదు. మోటారు వేసి, నీడలో కూర్చోబెట్టి, మజ్జిగ ఇచ్చి పంపాడు. కనీసం తన బోరు ఫలితం తనకు చెప్పడం ధర్మం. లీటరుకు 4 మిల్లీగ్రాముల ఫ్లోరైడ్ ఉన్నదని తెలిసీ, గ్రంథం పూర్తయ్యేదాకా ఆ ఇంటివారికి చెప్పకుండా ఉండటం ఏ నీతికీ నిలవదు. ప్రమాదకర ఫలితం వచ్చిన వెంటనే ఆ కుటుంబానికి, గ్రామ పంచాయతీకి తెలియజేయాలని గైడు మొదటి రోజే నియమం పెట్టాలి. ‘ఫలితాలను గ్రామస్థులకు ఎలా చేరవేశారు?’ అని పరీక్షకుడు మౌఖిక పరీక్షలో అడిగితే ఆ నియమానికి బలం వస్తుంది.

రైతులకు ఈ లెక్కలు అర్థం కావన్న వాదన చెల్లదు. 2003లో మొదలైన ఆంధ్రప్రదేశ్ రైతుల భూగర్భ జల నిర్వహణ ప్రాజెక్టులో అనంతపురం, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ సహా ఏడు జిల్లాల్లో రైతులే వర్షపాతాన్ని, నీటిమట్టాలను కొలిచారు. ఆ లెక్కలను చూసి రబీ పంటలు నిర్ణయించుకున్నారు. వారి భాషలో చెప్పడమే కావాలి.

ఆమోదం పొందిన గ్రంథాలు గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ నిర్వహించే ‘శోధ్‌గంగ’ భాండాగారంలో అందరికీ అందుబాటులో ఉంటున్నాయి. మన మండలంపై వచ్చిన పరిశోధనను మనమే తెరిచి చూడవచ్చు. ఊరి డిగ్రీ కళాశాల అధ్యాపకులో, చదువుకున్న యువకులో పూనుకొని అందులోని సారాంశాన్ని గ్రామసభలో చదివి వినిపిస్తే అంతకు మించిన మౌఖిక పరీక్ష ఉండదు.

గ్రంథం తెరిస్తే ఇవి చూడండి

* ఎన్ని బోర్ల నుంచి, ఏ నెలల్లో నీరు తీశారు? వానలకు ముందు, తర్వాత రెండుసార్లూ తీశారా?
* అయాన్ల తూకం పట్టికలో ఇచ్చారా? తేడా 5 శాతం లోపు ఉన్నదా?
* ఎండిన బోర్లను లెక్కలో చూపారా, వదిలేశారా?
* నీరు ఇంకే శాతాన్ని ఇక్కడే కొలిచారా, మరో చోటి అంకెను తీసుకున్నారా?
* పటంలోని రంగులను బోర్ల దిగుబడితో సరిచూశారా?
* ఫలితాలను ఊరికి తెలిపినట్లు ఎక్కడైనా రాశారా?

వీటికి జవాబులు దొరికితే ఆ గైడు, ఆ పరీక్షకుడు తమ పని చేశారని అర్థం. అప్పుడు పొలం గట్టున పెద్దయ్య అడిగిన ‘మా నీళ్లు తాగొచ్చునా?’ అన్న ప్రశ్నకు తడబాటు లేకుండా అవుననో కాదనో చెప్పవచ్చు.